ఆరు బ్యాటరీలూ, మూసిన గేటూ

ఆవిడ ఫోటోని బ్యాటరీ బండిలో పెట్టి ఊరేగించారు. బండికి బంతిపూల దండలు కట్టారు. బయల్దేరే ముందు చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు నలిగి ఇంకా వాసన వస్తోంది. ఇంత మర్యాద చేశారు గానీ బండి మాత్రం దానంతట అది నడవడం లేదు. నలుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు చొక్కాలు తడిసేలా వెనకనుంచి తోస్తున్నారు.

“ఎందుకయ్యా తోయడం?” అని అడిగాను.

“బ్యాటరీలు డౌనండి,” అన్నాడొకడు. “ఎప్పట్నుంచో అంతేనండి.”

ఆవిడ పోయి ఏడాదైంది. ఏ బ్యాటరీలు ఆవిడని మంచాన పడేశాయో ఆ బ్యాటరీల మీదే ఆవిడ ఫోటోని కూర్చోబెట్టి, దానికి శ్రద్ధాంజలి అని పేరు పెట్టారు. నా పక్కన నడుస్తున్న బ్యాటరీల కొట్టు మస్తాన్ గారు తల దించుకున్నారు. నేను దించుకోలేదు. కోపం వచ్చినప్పుడు తల దించుకునే అలవాటు నాకు లేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. కాలేజీ వాళ్ళు ఆ పేరుని రాతి మీద చెక్కించారు. చెక్కిన చోటు చూశాక నా చేత్తో మళ్ళీ రాయబుద్ధి కాలేదు. విద్యార్థులు ‘లైబ్రరీ మేడమ్’ అనేవాళ్ళు. మనకీ అదే చాలు.

ఏలూరు పవర్‌పేటలో మా ఇంటి కింది వాటాలో మస్తాన్ గారి బ్యాటరీల కొట్టు. కరెంటు పోయినా అక్కడ ఫాను తిరుగుతుంది కాబట్టి సాయంత్రం పేపరు నేనక్కడే చదువుతాను. ఒకరోజు ఆవిడ వచ్చారు. ఎడమ కాలికి ఆసరాగా కట్టిన ఇనప కడ్డీల కాలిపరు, చంకలో కర్ర, భుజాన పుస్తకాల సంచి. కర్రని పాత బ్యాటరీల వరసకి ఆనించి, నేను కాళ్ళు చాపుకున్న స్టూలు వైపు చూశారు. నేను కాళ్ళు తీసేశాను. కూర్చున్నారు.

“హైడ్రోమీటరు ఒకటి, డిస్టిల్డ్ వాటరు రెండు డబ్బాలూ ఇవ్వండి.”

హైడ్రోమీటరంటే బ్యాటరీలో ఆసిడ్ ఎంత బలంగా ఉందో చూసే గాజు గొట్టం. దాన్ని ఆడవాళ్ళు కొనడం మస్తాన్ గారు అంతవరకూ చూడలేదు.

“ఎవరికండీ?”

“నాకేనండీ.”

“అది మీరు చేసే పని కాదు మేడమ్ గారూ. ఆసిడ్ చేతుల మీద పడుద్ది. నెలకోసారి మా మనిషిని పంపిస్తాను.”

“మీ మనిషి నెలకోసారి వస్తాడండీ. నేను ఆ బండి రోజూ ఎక్కాలి.”

తర్వాత నా వైపు తిరిగారు. “మీరేనాండీ పేపర్లో జాతకాల మీద రాసేది?”

“జాతకాల మీద కాదండీ. జాతకాలకి వ్యతిరేకంగా.”

“అదేలెండి. ఏదైనా జాతకాలు చెప్పేవాళ్ళ తిండీ మీ తిండీ వాటి మీదే కదా.”

మస్తాన్ గారు నవ్వాపుకోడానికి వెనక గదిలోకి వెళ్ళారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే మా స్నేహం మొదలైంది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ అది చల్లారలేదు.

ఆవిడ లైబ్రేరియన్. కాలేజీ తాడేపల్లిగూడెం దాటాక గణపవరం వెళ్ళే దారిలో, వరిచేలు కొని కట్టింది. ఛైర్మన్ గారు కొల్లేరులో చేపల చెరువులతో పైకొచ్చిన మనిషి. మొదట్లో కాలేజీకి దక్షిణం వైపు గేటుండేది. రోడ్డు మీద బస్సు దిగి గేటు దాటితే ఎదురుగా లైబ్రరీ. చంకకర్రతో నడిచే మనిషికి అంతకన్నా ఏం కావాలి? ఆ కాలేజీలో ఉద్యోగం ఒప్పుకోడానికి కారణం జీతం కాదు, ఆ గేటు అని ఆవిడే చెప్పారు.

తర్వాత కొల్లేరులో ఆక్రమణ చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్ళు కొట్టేశారు. ఛైర్మన్ గారి గట్లూ పోయాయి. సరస్సుని ఆక్రమించడం వల్ల గట్లు పోయాయని మీరూ నేనూ అనుకుంటాం. ఆయన అలా అనుకోలేదు. వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని కాలేజీ అంతా తిరిగి, దక్షిణం గేటు ధనాన్ని బయటికి తోసేస్తోందని తేల్చాడు. ఆ వారంలోనే ఆ గేటుని ఇటుకలతో మూసేశారు. ఈశాన్యం మూల, కాలవగట్టు వైపు కొత్త గేటు పెట్టారు. బస్సులు అక్కడే ఆగిపోతాయి. లైబ్రరీకి వెళ్ళాలంటే కాలేజీ ఈ చివర్నుంచి ఆ చివరికి నడవాలి.

ఆవిడ వెళ్ళి ఛైర్మన్ గారి బల్ల ముందు నిలబడ్డారు.

“గేటుతో పాటు నా కాళ్ళు కూడా మూసేశారండీ. గేటన్నా తెరవండి, కాళ్ళన్నా ఇప్పించండి.”

“అయ్యో, అంత మాటెందుకమ్మా. కొత్త గేటు పక్కనే ఎంక్వయిరీ కౌంటరుంది. ఫాను కింద హాయిగా కూర్చోవచ్చు కదా.”

“పుస్తకాలు కూడా గేటు దగ్గరికి వస్తాయాండీ?”

ఆ కౌంటర్లో కూర్చుంటే తను లైబ్రేరియన్‌గా మిగలనని ఆవిడకి తెలుసు. ఎవడు ఏ పుస్తకం అడిగాడో, ఎవడు అడగడానికి సిగ్గుపడి వెనక్కెళ్ళాడో గుర్తుంచుకునే మనిషి ఆవిడ. అలాంటి మనిషికి ‘హాస్టలు ఎటండీ’ అని అడిగేవాళ్ళకి దారి చూపించే పని ఇస్తామన్నారు. అక్కణ్ణుంచి ఆవిడ పోరాటమంతా ఒక్కటే: రోజూ తన లైబ్రరీకి తను చేరుకోవడం.

చివరికి బండి ఇచ్చారు. విశాఖపట్నంలో గోల్ఫ్ ఆడేచోట వాడి వాడి అమ్మేసిన బ్యాటరీ బండి. సీటు ఎత్తితే కింద ఆరు బ్యాటరీలు. ఆవిడ కుడికాలు బలమైనదే. ఆ బండికి ఉన్న రెండు పెడళ్ళకీ ఆ ఒక్క కాలూ చాలు. ఆవిడే నడిపేవారు. నడపడంతో ఊరుకోలేదు. శనివారం మధ్యాహ్నం లైబ్రరీకి తాళం వేశాక బండి పక్కన స్టూలు వేసుకుని బ్యాటరీలు చూసేవారు. మూతలు ఒక్కొక్కటే విప్పి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి లోపలికి తొంగిచూస్తారు. గాజు గొట్టంతో ఆసిడ్ పీల్చి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటారు. వైరు తగిలించే చోట తెల్లగా పూసిన తుప్పు మీద వంటసోడా కలిపిన వేడినీళ్ళు పోస్తే బుసబుసా పొంగుతుంది. ఆ పొంగు చూసినప్పుడల్లా, “ఇది మన ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసం” అనేవారు. తుడిచి ఆరబెట్టి, వాజలైను రాసి, మూత బిగించాక వేలి కణుపుతో దాని మీద రెండుసార్లు తట్టేవారు. తరగతిలో అల్లరి పిల్లాడి నెత్తిమీద తట్టినట్టు.

ఆవిడ చీరలన్నిటికీ ఆసిడ్ పడి చిల్లులుండేవి. దాచుకునేవారు కాదు. ఎవరి పెళ్ళికైనా ఆ చీరలతోనే వచ్చి, ఎవరైనా అదోలా చూస్తే “నా జరీ అంచండీ” అనేవారు.

డిస్టిల్డ్ వాటరు విషయంలో ఆవిడకి ఒక పట్టుదల ఉండేది. ఛార్జింగు నిండకముందు నీళ్ళు పొయ్యనిచ్చేవారు కాదు. ముందే పోస్తే ఛార్జింగు ఎక్కేకొద్దీ ఆసిడ్ ఉబ్బి పైకి పొర్లిపోతుంది. “నిండాక పొయ్యాలండీ, ముందు పొయ్యకూడదు” అని బ్యాటరీల గురించే కాదు, అన్నిటి గురించీ అనేవారు. ఒకసారి విద్యార్థులతో మాట్లాడమని నన్ను లైబ్రరీకి పిలిచారు. గ్రహాలు, తాయెత్తులు, దిష్టిబొమ్మలు, వాస్తు అన్నీ దుమ్ము దులిపి గంటన్నర మాట్లాడాను. చప్పట్లు బాగానే కొట్టారు. బయటికొచ్చాక ముందు వరసలో కూర్చున్న కుర్రాడు బైకు హ్యాండిలుకి కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ సరిచేసుకుని వెళ్ళిపోయాడు.

“చూశారా,” అన్నారావిడ. “వాళ్ళింకా నిండలేదు మాస్టారూ. మీరు పోసేశారు. పైనుంచి పొర్లిపోయింది.”

“మరి ఏం చెయ్యమంటారు? నిండేదాకా నోరు మూసుకోమంటారా?”

“మీకది చేతకాదని తెలుసులెండి.”

ఆ రోజే సిద్ధాంతి మళ్ళీ వచ్చాడు. బండికి లైబ్రరీ వరండాలో ఛార్జింగు పెట్టేవారు. ఆగ్నేయం గదిలోకి మార్చమని ఆర్నెల్లుగా చెబుతున్నా ఆవిడ మార్చలేదు. ఛైర్మన్ గారు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చి, “బ్యాటరీ అంటే నిప్పు కదమ్మా. ఆగ్నేయంలో ఉండాలంటున్నారు,” అన్నారు.

“లోపల నీళ్ళు కూడా ఉన్నాయండీ,” అన్నారావిడ. “నీళ్ళుండాల్సింది ఈశాన్యంలో కదా. బ్యాటరీని రెండు ముక్కలు చేయించమంటారా?”

సిద్ధాంతి చేతిలో దిక్సూచిని ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. “ప్రధానం నిప్పేనమ్మా. నీరు దానికి లోబడి ఉంటుంది.”

నేను అందుకోబోయాను. ఆవిడ కర్ర చివరతో నా చెప్పు మీద నొక్కారు.

ఆగ్నేయం మూల ఉన్న గది కిటికీ లేని స్టోరు రూము. ఛార్జింగు జరిగేటప్పుడు బ్యాటరీలోంచి గ్యాసు వస్తుంది. గాలాడని గదిలో అది నిండితే చిన్న నిప్పురవ్వ చాలు, గది పేలిపోతుంది. ఆ మాట ఆవిడ అదివరకే కాగితం మీద పెట్టి అడిగారు. గోడకి కన్నం పెడితే దోషమని తోసేశారు. ఇప్పుడావిడ గొంతు బాగా మెత్తగా చేసుకుని, “సిద్ధాంతి గారూ, నిప్పున్న చోట పొగగూడు ఉండాలని శాస్త్రంలో లేదాండీ?” అని అడిగారు.

సిద్ధాంతి మొహం వెలిగిపోయింది. “ఎందుకు లేదమ్మా, తప్పకుండా ఉండాలి,” అన్నాడు. మర్నాటికి వెంటిలేటరు వచ్చింది.

ఆ సాయంత్రం గేటు దాకా నన్ను బండిలో దింపుతుంటే నేను ఊరుకోలేకపోయాను. “మీరు వాడి భాషలో మాట్లాడారు. అది ఒప్పుకోవడమే.”

“వెంటిలేటరు వస్తుంది కదండీ.”

“గ్యాసు వస్తుందని చెప్పి తెప్పించుకోవాలి. శాస్త్రంలో ఉందని కాదు.”

“గ్యాసు గురించి చెప్పి చెప్పి ఆర్నెల్లయింది మాస్టారూ. మీ సిద్ధాంతం కోసం నన్ను పేలిపోమంటారా?”

జవాబు నాకు ఇంటికెళ్ళే బస్సులో తోచింది. తోచాక ఎన్నిసార్లో చెప్పాను. వెంటిలేటరు పెట్టించింది మీరు, పేరు వాడికి. రేపు వాడు ఏం చెప్పినా చెల్లుతుంది అన్నాను. ఇప్పటికీ నాది అదే మాట. తర్వాత జరిగింది చూశాక ఆ మాట మార్చుకోవలసిన అవసరం నాకు కనపడలేదు.

జరిగింది దసరాకి. సెలవులని ఆవిడ ఏలూరులో ఉన్నారు. కాలేజీలో ఆయుధపూజ చేశారు. లేబొరేటరీ యంత్రాలకి, బస్సులకి, జనరేటరుకి బొట్లు పెట్టి, చివరికి బ్యాటరీ బండి దగ్గరికి వచ్చారు. సీటు ఎత్తారు. ఛైర్మన్ గారి భార్య కొవ్వూరు నుంచి గోదావరి నీళ్ళు తెప్పించారు. పసుపూ కుంకుమా కలిపి, మంత్రాలు చదివి, ఆ నీళ్ళని ఆరు బ్యాటరీల మూతలూ తీసి లోపల పోశారు. పోసినవాళ్ళలో దుర్మార్గులెవరూ లేరు. లైబ్రరీ మేడమ్ వారం వారం నీళ్ళు పోస్తారని అందరికీ తెలుసు. ఆవిడ కొట్లో కొన్న నీళ్ళు పోస్తారు, మనం అంతకన్నా మంచి నీళ్ళు పోద్దాం అనుకున్నారు. భక్తితో పోశారు.

భక్తితో పోస్తే ఆసిడ్ ఊరుకోదు. నదినీళ్ళలో ఉప్పులుంటాయి, ఇనుముంటుంది. దానికి పసుపూ కుంకుమా తోడయ్యాయి. లోపలి పలకలకి అది విషం. సెలవుల తర్వాత ఆవిడ వచ్చి ఆరు మూతలూ ఒక్కొక్కటే తీసి చూశారట. తర్వాత వాచ్‌మన్‌ని పిలిచి, “కొబ్బరికాయ కూడా ఇందులోనే కొట్టారా, బయట కొట్టారా?” అని అడిగారట.

“బయటేనండి,” అన్నాడతను.

“అదొక్కటీ మిగిల్చారన్నమాట.”

‘ఎవరి నమ్మకం వాళ్ళది, మీకెందుకండీ’ అని నాకు సర్దిచెప్పే మర్యాదస్తులు మా జిల్లాలో చాలామంది ఉన్నారు. వాళ్ళని ఒకటి అడుగుతాను. నమ్మకం ఛైర్మన్ గారిది. నీళ్ళు ఆయన భార్య తెప్పించినవి. మంత్రం పురోహితుడిది. ఎండలో చంకకర్ర వేసుకుని ఈశాన్యం నుంచి దక్షిణం దాకా నడిచింది ఎవరు? ఎవరి నమ్మకం వాళ్ళదైతే, దాని బరువు కూడా వాళ్ళే మోయాలి కదా. ఏ కాలంలోనూ అలా జరగలేదు. నమ్మేవాడు ఒకడు, నడిచేవాడు ఇంకొకడు.

మస్తాన్ గారు స్వయంగా వెళ్ళి చూసి, ఒకటి బాగా దిగిపోయిందనీ, మిగతావీ అదే దారిలో ఉన్నాయనీ, ఆరూ మార్చాల్సిందేననీ చెప్పారు.

“ఒకటి బాగా దిగిపోయిందన్నారు కదా. దాన్ని మార్చండి చాలు,” అన్నారు ఛైర్మన్ గారు.

“అలా కుదరదండీ. పాతవాటి మధ్య ఒక కొత్తది పెడితే, పాతవాటితో పాటు అదీ పాడైపోద్ది. మారిస్తే ఆరూ ఒకేసారి మార్చాలండీ.”

“ముందు ఒకటి పెట్టి చూడండి. పూజ చేసినవి అన్నీ ఒకేసారి తీసేయడం మంచిది కాదంటున్నారు.”

పాడుచేసిన పూజే వాటిని తీయనివ్వకుండా కాపలా కాసింది. ఒక్కటే మార్చారు. సంక్రాంతి లోపల అదీ పోయింది. బండి పొద్దున్న గేటు దగ్గర బయల్దేరి కాంటీను దగ్గర ఆగిపోయేది. అక్కణ్ణుంచి ఆవిడ నడిచేవారు. విద్యార్థులు తోస్తామంటే, “నన్ను తోసుకుంటూ తీసుకెళ్ళే రోజు ఒకటుందిలే నాయనా, అప్పుడు తోద్దురు గానీ” అనేవారు. కౌంటర్లో కూర్చోమని ఛైర్మన్ గారు మళ్ళీ కబురు పెట్టారు. ఆవిడ వెళ్ళలేదు. చంకలో కర్ర ఒరుసుకుని పుండు పడింది. దాని మీద దూది పెట్టుకుని నడిచారు. ఒక్కరోజు కూడా లైబ్రరీ ఆలస్యంగా తెరవలేదు.

వానాకాలంలో ఒక పొద్దున్న కాంటీను ముందు సిమెంటు రోడ్డు మీద కర్ర జారింది. తుంటి ఎముక విరిగింది.

ఏలూరులో చెల్లెలి ఇంట్లో మంచం మీద ఉన్నప్పుడు నేనూ మస్తాన్ గారూ వెళ్ళాం. మనిషి సగమయ్యారు, నోరు మాత్రం తగ్గలేదు. నేను పళ్ళు తీసుకెళ్తే, “మాస్టారు పళ్ళు తెచ్చారంటే నా పని అయిపోయినట్టే. మామూలుగా కరపత్రాలు తెస్తారు,” అన్నారు.

మస్తాన్ గారు మెల్లగా చెప్పారు. “మేడమ్ గారూ, ఆరు కొత్త బ్యాటరీలు నేనే బిగించేస్తానండీ. మీరు లేచేసరికి బండి రెడీగా ఉంటది.”

ఆవిడ తల అడ్డంగా ఊపారు. “వద్దండీ. నాకు బండి ఎప్పుడూ అక్కర్లేదు. గేటు మూశారని బండి అడిగాను. ఆ ఇటుకలు తీసేస్తే చాలు. నేను నడిచి వెళ్ళిపోతాను.” దుప్పటి సర్దుకుని, “నేల మట్టంగా ఉండే గేటు మాస్టారూ. ఎంత బావుండేదో. ఎక్కడం లేదు, దిగడం లేదు,” అన్నారు.

లేవలేదు. మంచంలో ఉండగానే న్యుమోనియా వచ్చింది. దాంతోనే పోయారు. తుంటి విరగడం విధి, న్యుమోనియా విధి, అంతా భగవత్సంకల్పం అని సంతాపసభలో ఛైర్మన్ గారు అన్నారు. నేను లేచి, సంకల్పం ఎవరిదో ఇటుకల మేస్త్రీని అడిగితే చెబుతాడన్నాను. మైకు ఆపేశారు.

మొన్న వర్ధంతికి మళ్ళీ పిలిచారు. వెళ్ళకూడదనుకున్నాను. “ఆవిడ కోసం వెళ్దామండీ, వాళ్ళ కోసం కాదు,” అని మస్తాన్ గారు బయల్దేరదీశారు. ఊరేగింపు ఈశాన్యం గేటు దగ్గర మొదలై, కాంటీను దాటి, లైబ్రరీ ముందుకొచ్చి ఆగింది. అక్కడ పట్టుగుడ్డ కప్పిన కమాను కనపడింది. దక్షిణం గోడలో ఇటుకలు లేవు.

సంగతేమిటంటే, కాలేజీలో సీట్లు నిండటం లేదు. ఛైర్మన్ గారు పాత సిద్ధాంతిని మార్చి హైదరాబాదు నుంచి కొత్తాయన్ని తెచ్చుకున్నారు. అసలు దక్షిణం గేటు మూయడమే దోషమని కొత్తాయన చెప్పాడు. ఆవిడ కాళ్ళరిగేలా అడిగితే కదలని ఇటుకలు ఆ ఒక్క మాటతో లేచిపోయాయి. ఎలాగూ తెరుస్తున్నాం కదా అని దానికి ఆవిడ పేరు పెట్టారు. గుడ్డ లాగారు. నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలు.

అక్షరాల కింద మెట్లున్నాయి. దక్షిణ ద్వారం రోడ్డు కన్నా ఎత్తులో ఉండాలట, బేసి సంఖ్యలో మెట్లుండాలట. లోపలి వైపు మూడు, బయటి వైపు మూడు. పైన పసుపు రాసిన ఎత్తయిన గడప. బండి మొదటి మెట్టు దగ్గర ఆగిపోయింది. తోస్తున్న విద్యార్థులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఫోటోని బండిలోంచి తీసి చేతుల మీద ఎత్తుకుని మెట్లెక్కించారు.

నేను ఛైర్మన్ గారి దగ్గరికి వెళ్ళాను.

“ఈ గేటులోంచి ఆవిడ లోపలికి ఎలా వచ్చేవారండీ?”

ఆయన మెట్ల వైపు చూశారు, నా వైపు చూశారు. ఎంతో మర్యాదగా, నన్ను ఓదారుస్తున్నట్టు అన్నారు:

“ఇప్పుడావిడ లేరు కదండీ మాస్టారూ.”